పల్లె సంఘాలకు తోడుగా వెళ్లాలంటే: తిరుపతి, చిత్తూరు ప్రాంతాల విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లోని సంఘాలు చుట్టుపక్కల పల్లెలకు పరిచర్యకు బయలుదేరే ముందు మమ్మల్ని అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. యువకులు అడిగేవి, స్త్రీల సమాజాలు అడిగేవి, సంఘ పెద్దలు కాస్త తటపటాయిస్తూ అడిగేవి కూడా ఇందులో ఉన్నాయి.

పల్లెలో ఇప్పటికే సంఘం ఉంది, పాస్టరుగారు ఉన్నారు. మేము వెళ్లి చేసేదేముంది?

పల్లె పాస్టరుగారి ఆదివారం ఎలా గడుస్తుందో ఒక్కసారి వెంట ఉండి చూడండి. పొద్దున ఒక ఊరిలో ఆరాధన, మధ్యాహ్నం నాలుగైదు మైళ్ల అవతల రెండో ఊరిలో, చీకటి పడ్డాక మూడోచోట గృహ కూడిక. పాట ఎత్తుకునేది ఆయనే, కంజీర వాయించేది ఆయనే, వాక్యం చెప్పేదీ ఆయనే. సండే స్కూలు చెప్పేవారు లేక పిల్లలు మందిరం బయట ఆడుకుంటూ ఉంటారు. మధ్యలో ఎవరినో ఆసుపత్రికి తీసుకెళ్లారని ఫోను వస్తే బండి అటు తిరుగుతుంది. వారంలో మిగతా రోజుల్లో కూలి పనికో, ఆటో నడపడానికో వెళ్లి ఇల్లు గడుపుకునే పాస్టర్లు ఈ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. పౌలు డేరాలు కుట్టుకుంటూ సువార్త చెప్పిన సంగతి మనం ప్రసంగాల్లో వింటాం. అలా బతుకుతున్న మనిషి మనకు ముప్పై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాడన్నది మాత్రం మరచిపోతాం.

ఆయన మోస్తున్న బరువులో కొంత మీరు అందుకోండి. పిల్లలకు పాఠం చెప్పండి. పదో తరగతి చదివే పిల్లకు లెక్కలు నేర్పండి. పింఛను ఆగిపోయిన ముసలమ్మ కాగితాలు పట్టుకుని సచివాలయానికి వెంట వెళ్లండి. ప్రసంగించే అవకాశం వాళ్లు ఇచ్చినప్పుడు తీసుకోండి, మీరుగా అడగవద్దు.

మన ప్రాంతానికి సువార్త ఎలా వచ్చింది? అది తెలుసుకోవడం అవసరమా?

చాలా అవసరం. వెళ్లిన ప్రతి బృందమూ అక్కడ పని తమతోనే మొదలైందని అనుకుంటుంది. మీరు వెళ్లే ఊరిలో నాలుగైదు తరాల విశ్వాసులు ఉండవచ్చు.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. అమెరికా రిఫార్మ్‌డ్ సంఘానికి చెందిన స్కడర్ సోదరులు 1853లో ఆర్కాట్ మిషన్‌ను స్థాపించారు. ఆ మిషన్ తరఫున వైద్యుడు జేకబ్ ఛాంబర్లిన్ 1860వ దశకంలో మదనపల్లెకు వచ్చి, తెలుగు నేర్చుకుని, మందుల పెట్టెతో, పుస్తకాలతో ఊరూరా తిరిగారు. తెలుగు బైబిలు సవరణ పనిలోనూ ఆయన ఏళ్ల తరబడి ఉన్నారు. 1911లో మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి తెరుచుకుంది. తర్వాత కొద్ది ఏళ్లకే, అనేక మిషన్లు కలిసి ఆ పక్కనే ఆరోగ్యవరంలో క్షయ చికిత్సాలయం కట్టాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి వైద్యాధికారి. క్షయకు మందు లేని రోజులవి. మంచి గాలి, విశ్రాంతి, తిండి ఇవే చికిత్స.

తిరుపతి, శ్రీకాళహస్తి వైపు వచ్చినవారు వేరు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి 1860వ దశకంలో ఆగస్ట్ మిలియస్ నాయకత్వంలో లూథరన్ మిషనరీలు నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతాల్లో దిగారు. ఆ పని నుంచి పుట్టిందే నేడు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు రాయలసీమలోని పాత మిషన్ సంఘాలు చాలావరకు అందులో చేరాయి. కతోలికులు, పెంతెకొస్తు సంఘాలు, స్వతంత్ర సంఘాలు ఉండనే ఉన్నాయి.

ఈ చరిత్రలో మనం ఎక్కువగా చెప్పుకోనిది ఒకటుంది. దొరలు గుర్రాల మీద వచ్చి ఒక రాత్రి గుడారం వేసి వెళ్లాక, ఆ ఊరిలో మిగిలింది ఉపదేశి. అక్షరాలు నేర్పింది, చావులకు, పెళ్లిళ్లకు నిలబడింది, కలరా వచ్చినప్పుడు ఊరు వదలకుండా ఉన్నది తెలుగువాడైన ఆ ఉపదేశి, ఆయన భార్య. వాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా ఉండవు. పాత సంఘాలకు వెళ్లినప్పుడు ముసలివాళ్లను అడిగి ఆ పేర్లు రాసుకోండి. ఇది కూడా పరిచర్యే.

మొదటిసారి ఎంతమంది వెళ్లాలి? బస్సు మాట్లాడుకోవచ్చా?

వద్దు. యేసు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు. మొదటి రెండు మూడు నెలలు ఇద్దరు లేదా నలుగురు చాలు. అందులో స్త్రీలు తప్పనిసరిగా ఉండాలి. యాభైమంది ఒకేలాంటి చొక్కాలు వేసుకుని బస్సు దిగితే ఊరంతా బయటికి వచ్చి చూస్తుంది, మీరు వెళ్లిపోయాక జవాబు చెప్పుకోవలసింది మాత్రం అక్కడి పది కుటుంబాలు. ముందుగా పాస్టరుగారికి, సంఘ పెద్దలకు ఫోను చేసి, వారు రమ్మన్న రోజునే వెళ్లండి.

వారి ఇంట భోజనం చేయాలా? మేమే ప్యాకెట్లు తీసుకెళ్తే వారికి శ్రమ తప్పుతుంది కదా?

ఈ ప్రశ్నకు కాస్త పెద్ద జవాబే చెప్పాలి. మా దృష్టిలో ఈ పేజీలో ముఖ్యమైన జవాబు ఇదే.

మీ ముందు పెట్టినది తినండి అని ప్రభువు తాను పంపిన డెబ్బైమందికి స్పష్టంగా చెప్పాడు. మన పల్లె సంఘాల్లో ఎక్కువ భాగం దళితవాడల్లో ఉన్నాయి. ఊరి టీ కొట్టులో తమ తాతలకు వేరే గ్లాసు ఎందుకు పెట్టారో అక్కడి ప్రతి కుటుంబానికీ తెలుసు. అలాంటి వాడలోకి వెళ్లి, చాప మీద కూర్చుని, సొంత పొట్లాలు విప్పి తింటే, మీ మనసులో ఏమున్నా సరే, ఎదుటివారికి అందే అర్థం ఒక్కటే. మీరు అరగంట చెప్పిన వాక్యాన్ని ఆ పొట్లం తుడిచేస్తుంది.

ఆ ఇంటి ఇల్లాలు పొద్దున్నే లేచి సంగటి కెలికి ఉంటుంది. వేరుశనగ పచ్చడి నూరి, వీలైతే కోడిని కోసి ఉంటుంది. పక్కింటి నుంచి స్టీలు పళ్లాలు అడిగి తెచ్చి, కడిగి, బోర్లించి పెట్టి ఉంటుంది. మీరు మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే వరకు గడప దగ్గరే నిలబడి చూస్తుంది. తినండి, రెండోసారి వడ్డించమని అడగండి, వారి బిందెలో నీళ్లే తాగండి. ఖర్చు వారి మీద పడుతుందని బాధ ఉంటే, బియ్యమో నూనెనో ముందురోజే అమ్మగారికి అందేలా చూడండి. అందరూ కలిసి వండుకుని కలిసి తినండి.

దీన్ని చేయలేనివారు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్నారు. అలాంటి వారిని ముందు మన మందిరంలోనే సరిదిద్దుకోవాలి. కులాన్ని ఇంటి దగ్గర దాచిపెట్టి వాడలో సమానత్వం గురించి ప్రసంగించడం ప్రభువును అవమానించడమే.

బట్టలు, దుప్పట్లు, డబ్బు పంచవచ్చా?

వాన వచ్చి ఇళ్లు కూలినప్పుడు తప్పక పంచండి. అప్పుడు ఊరంతటికీ పంచండి, విశ్వాసులకని విడిగా తీయవద్దు. 2021 నవంబరు వరదల్లో తిరుపతి చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలోకి నీళ్లు వచ్చాయో అందరం చూశాం. నీళ్లు మతం అడిగి రాలేదు. సాయమూ అడగకూడదు.

మామూలు రోజుల్లో మాత్రం పంపకాలు పెట్టుకోకండి. ఆరాధనకు వస్తే దుప్పటి, బాప్తిస్మం తీసుకుంటే బియ్యం అనే మాట ఎవరి నోటి నుంచీ రాకూడదు, ఆ అనుమానానికి చోటూ ఇవ్వకూడదు. ఆకలిని అడ్డం పెట్టుకుని రాబట్టిన ఒప్పుకోలు విశ్వాసం కాదు. ఫోటోల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చేయి చాచిన వృద్ధురాలి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి.

“మతం మార్చడానికి వచ్చారా?” అని ఊరివాళ్లు అడిగితే ఏమనాలి?

నిజం చెప్పండి. మేము క్రైస్తవులం, ఇక్కడి మా సంఘాన్ని చూడటానికి వచ్చాం, మా విశ్వాసం గురించి అడిగినవారికి చెబుతాం, ఎవరినీ బలవంతం చేయం అని నెమ్మదిగా చెప్పండి. ఆరోగ్య శిబిరమనో ట్యూషననో పేరు పెట్టి లోపల ప్రార్థన పెట్టవద్దు. శిబిరమైతే శిబిరమే, ప్రార్థన అయితే ప్రార్థనే. రెండూ విడివిడిగా, తలుపులు తెరిచి జరపండి.

ఇక చట్టం. రాజ్యాంగం 25వ అధికరణ ప్రతి ఒక్కరికీ తన మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది. ఆ హక్కు శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంటుంది. 1977లో స్టెనిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కు అంటే తన మత సిద్ధాంతాలను వివరించే హక్కేగాని ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని చెప్పింది. మారాలో వద్దో తేల్చుకునేది ఆ మనిషి అంతరాత్మ. మన విశ్వాసం చెప్పేదీ అదే కాబట్టి ఈ తీర్పును చూసి బెంబేలెత్తవలసిన పని లేదు. కావాలని, దురుద్దేశంతో ఇతరుల మత విశ్వాసాలను అవమానించడం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద నేరం. చట్టం లేకపోయినా అది పాపం. పొరుగువాడి దేవుణ్ణి తిట్టి యేసు ప్రేమను చెప్పగలమని అనుకునేవారిని బృందంలోకి తీసుకోకండి.

తిరుపతిలో, తిరుమల దారిలో కరపత్రాలు పంచవచ్చా?

తిరుమలలో ఇతర మతాల ప్రచారం నిషిద్ధం. 2007లో రాష్ట్ర ప్రభుత్వం దీని కోసమే చట్టం తెచ్చింది. కొన్ని ఇతర పుణ్యక్షేత్రాలనూ దాని కింద నోటిఫై చేశారు. అలిపిరిలోనో బస్టాండులోనో యాత్రికుల చేతుల్లో కరపత్రాలు పెట్టడం కూడా మానుకోవాలని మా గట్టి అభిప్రాయం. ఎక్కడి నుంచో మొక్కు తీర్చుకోవడానికి, బిడ్డను చంకనేసుకుని, తలనీలాలు ఇవ్వడానికి వచ్చిన మనిషిని ఆ క్షణంలో ఆపి మాట్లాడటం అమర్యాద. మన ఆరాధన మధ్యలోకి వచ్చి ఎవరైనా అలా చేస్తే మనకెలా ఉంటుంది?

రోగుల కోసం ప్రార్థిస్తాం. మందులు మానేయమని చెప్పవచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకూడదు. మీ ముందు ఎవరైనా అలా చెబితే అక్కడే, అందరి ఎదుటే ఖండించండి.

క్షయ రోగికి మామూలుగా ఆరు నెలల చికిత్స ఉంటుంది. రెండో నెలకే దగ్గు తగ్గి, ఒళ్లు తేలికపడుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో వచ్చి స్వస్థత కలిగింది, మాత్రలు ఎందుకు అంటారు. మాత్రలు మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, క్రిములు ఆ మందులకు లొంగకుండా పోవచ్చు, ఇంట్లో పిల్లలకు అంటుకోవచ్చు. ఆరోగ్యవరం కట్టిన తరానికి వారసులమైన మనం ఇలాంటి మాటను మందిరంలో వినిపించనివ్వకూడదు. ప్రార్థించండి, తల మీద చేయి ఉంచండి, తర్వాత మాత్రల డబ్బా తెప్పించి ఈ రోజు వేసుకున్నారా అని అడగండి. క్షయ రోగులకు పోషకాహారం కోసం కేంద్ర ప్రభుత్వం చికిత్సా కాలంలో నెలకు 1000 రూపాయలు ఇస్తుంది. అది ఖాతాలో పడుతోందో లేదో ఆశా కార్యకర్తతో కలిసి కనుక్కోండి. పాము కాటైతే ప్రార్థన 108 వాహనంలోనే చేసుకోవచ్చు, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకండి.

ఎవరైనా బాప్తిస్మం అడిగితే?

ఆ నిర్ణయం, ఆ బాధ్యత స్థానిక పాస్టరుగారిది, సంఘ పెద్దలది. మీ పర్యటనలో, మీ చేతుల మీదుగా, మీ లెక్కలో పడేలా ఇవ్వకండి. బోధ జరగాలి, కుటుంబంతో మాట్లాడాలి, నెలలు పట్టినా పట్టనివ్వాలి. మైనర్ల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా అడుగు వేయకండి.

ఇంకొక మాట నిక్కచ్చిగా చెప్పాలి, చాలామంది పరిచారకులు దీన్ని దాటవేస్తారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికి మాత్రమే ఎస్సీ హోదా ఉంటుంది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి (వెనుకబడిన తరగతుల్లోని సి వర్గం) కిందికి వస్తారు. యానాదులు, ఎరుకలవారి వంటి ఎస్టీల హోదా మతాన్ని బట్టి మారదు. మతం మారినంత మాత్రాన వాడలో వివక్ష పోదు కాబట్టి ఈ ఉత్తర్వు అన్యాయమని మేము నమ్ముతున్నాం. దీన్ని పరిశీలించడానికి 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను కూడా వేసింది. కానీ అన్యాయమైనా అమలులో ఉన్న నియమం అదే. బాప్తిస్మం అడిగిన యువకుడికి, ఉద్యోగానికో హాస్టలుకో దరఖాస్తు పెట్టుకున్న వాళ్ల చెల్లెలికి ఈ సంగతి ముందే తెలియాలి. తెలిసి తీసుకున్న నిర్ణయమే నిర్ణయం. ఖర్చు లెక్క చూసుకోకుండా గోపురం కట్టడం మొదలుపెట్టవద్దని ప్రభువే చెప్పాడు.

కానుకలు, పాస్టరుగారి జీతం విషయంలో మేము ఎలా సాయపడాలి?

పల్లె సంఘం బీదదే కాని భిక్షాపాత్ర పట్టుకున్నది కాదు. చాలా సంఘాల్లో స్త్రీలు పొయ్యి మీదికి ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు బియ్యం విడిగా తీసి డబ్బాలో వేస్తారు. నెల తిరిగేసరికి అది మందిరానికి చేరుతుంది.

కోత పండుగకు ఒకసారి వెళ్లి చూడండి. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, అరటి గెలలు, కొత్త వేరుశనగ కాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజు, తువ్వాలులో మూటగట్టిన గుడ్లు వరుసగా పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. ఒక పెద్దాయన గుమ్మడికాయను రెండింతల ధరకు పాడి, డబ్బు కట్టి, కాయను తిరిగి బల్ల మీదే పెడతాడు. మళ్లీ వేలం మొదలవుతుంది. ఒక్క కాయ అలా మూడు చేతులు మారుతుంది. అక్కడ పట్టణం నుంచి వెళ్లిన మీరు అందరినీ మించి పాడకండి. పండుగ వాళ్లది, ఆ ఆనందం వాళ్లనే అనుభవించనివ్వండి.

జీతానికి సాయం చేయాలంటే సంఘం ఖాతా ద్వారా, రాతపూర్వకంగా, ఎన్నాళ్లో చెప్పి, ఏటేటా తగ్గించుకుంటూ చేయండి. పాస్టరుగారి చేతిలో రహస్యంగా కవరు పెడితే ఆయన సంఘానికి కాకుండా మీకు జవాబుదారీ అవుతాడు. అంతకంటే మేలైన సాయం ఆరోగ్య బీమా, పిల్లల ఫీజులు, బండి మరమ్మతు.

విదేశాల్లో ఉన్న మావాళ్లు డబ్బు పంపుతామంటున్నారు.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (2010) కింద నమోదు లేకుండా సంస్థలు విదేశీ విరాళం తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత, నమోదైన సంస్థ కూడా తనకు వచ్చిన డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. ఎవరి వ్యక్తిగత ఖాతాలోకో తెప్పించుకుని సంఘానికి వాడే దగ్గరి దారులు వెతకకండి. ఆడిటర్‌ను కలవండి.

మైకు పెట్టుకోవచ్చా?

రాతపూర్వక అనుమతితో పెట్టుకోవచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ముప్పైమంది కూర్చున్న మందిరానికి అసలు మైకు ఎందుకో మాకు అర్థం కాదు.

ఏ కాలంలో, ఏ వేళలో వెళ్లాలి? భాష ఇబ్బంది ఉంటుందా?

మామిడి కోతల రోజుల్లో, అంటే మే నుంచి జూలై వరకు, చిత్తూరు వైపు మనుషులు ఇళ్లలో దొరకరు. తొలకరికి వేరుశనగ విత్తే రోజులూ అంతే. ఆవులున్న ఇళ్లకు సాయంత్రం పాలు పితికి, కేంద్రంలో పోసి వచ్చాకే తీరిక. ఏడున్నర, ఎనిమిది తర్వాత కూడిక పెట్టుకుంటే స్త్రీలు రాగలుగుతారు. చివరి బస్సు ఎప్పుడో ముందే కనుక్కోండి, లేకపోతే మీ తిరుగు ప్రయాణం వారి తలనొప్పి అవుతుంది.

నగరి, సత్యవేడు, కుప్పం వైపు చాలా ఇళ్లలో తమిళం మాట్లాడతారు. ముసలివారు తమిళ బైబిలే చదువుతారు, మనవళ్లు బడిలో తెలుగు చదువుతారు. రెండు భాషల్లోనూ ప్రార్థించగలిగిన ఒకరిని వెంట తీసుకెళ్లండి.

పిల్లల పరిచర్యలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

సెలవుల బైబిలు పాఠశాలైనా, సండే స్కూలైనా తల్లిదండ్రులకు తెలిసి జరగాలి. ఏ పెద్దవారూ, పాస్టరుగారైనా సరే, ఒక బిడ్డతో ఒంటరిగా గదిలో ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, తలుపు తెరిచి ఉండాలి. ఏదైనా తప్పు జరిగిందని తెలిస్తే సంఘం పరువు పేరుతో నొక్కిపెట్టకండి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ప్రకారం అలాంటి నేరాన్ని పోలీసులకు చెప్పి తీరాలి.

మందిరానికి స్థలం, సమాధుల తోట గురించి అడుగుతున్నారు. మేమేం చేయగలం?

మందిరం విషయంలో, పోరంబోకులోనో రోడ్డు పక్కనో కట్టవద్దని చెప్పండి. బహిరంగ స్థలాల్లో అనుమతి లేని ప్రార్థనా మందిరాలు కట్టకూడదని సుప్రీంకోర్టు 2009లోనే ఆదేశించింది. స్థలం కొని, సంఘం పేర రిజిస్టరు చేయించుకుని, అనుమతి తీసుకుని కట్టమనండి.

సమాధుల స్థలం సమస్య ఇంకా బాధాకరమైనది. శవాన్ని ఇంట్లో పెట్టుకుని ఎక్కడ పూడ్చాలో తెలియక కుటుంబం తిరగడం కంటే దుఃఖం ఉండదు. ఎవరూ చనిపోనప్పుడే, ఊరి పెద్దలతో మాట్లాడి, తహసీల్దారుకు అర్జీ పెట్టి, ప్రతిని, రసీదును సంఘం దగ్గర భద్రపరచండి. చదువుకున్న మీరు ఆ అర్జీ రాసి, కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగితే, ఆ ఊరికి మీరు చెప్పే వంద ప్రసంగాల కంటే మేలు.

ఏడాది తర్వాత మేము కొనసాగించలేకపోతే?

వెళ్లిన మొదటి నెలలోనే ఎన్నాళ్లు రాగలరో సంఘ పెద్దలకు చెప్పండి. ఆపే మూడు నెలల ముందు మళ్లీ చెప్పండి. సండే స్కూలు చెప్పడానికి అదే ఊరి అమ్మాయిలనో అబ్బాయిలనో ఇద్దరిని మొదటి రోజు నుంచే పక్కన కూర్చోబెట్టుకోండి. పాఠాల పుస్తకాలు, హాజరు పట్టిక, అర్జీల నకళ్లు వారి చేతికి అప్పగించండి. వెళ్లడం ఆగినా, పాస్టరుగారికి వారానికొకసారి ఫోను చేయడం ఆపకండి.